అత్త ఉతికిన కోటు

మా తమ్ముడికి మైకంటే ప్రాణం. ఏటా యుద్ధంలో పనిచేసినవాళ్ళ సంస్మరణ సభ దగ్గరపడగానే వాడికి ఎక్కడలేని పితృభక్తి పుట్టుకొస్తుంది. "మా నాన్నగారు దేశం కోసం రక్తం ధారపోశారు" అని కళ్ళు తుడుచుకుంటాడు. నాన్న యుద్ధమంతా ఓ గోదాములో కూర్చుని దుప్పట్లు లెక్కపెట్టాడు. నాకు తెలిసి ఆయన రక్తం చిందింది గడ్డం గీసుకునేటప్పుడే. పాపం, ఆయన ఎన్నడూ గొప్పలు పోలేదు. ఆ పని కొడుక్కి వదిలిపెట్టాడు.

యుద్ధాన్ని దగ్గరగా చూసింది నాన్న అక్క, మా మేనత్త. గాయపడ్డ సైనికుల ఆసుపత్రిలో బట్టలుతికే గదిలో పనిచేసింది. నెత్తురోడే కట్లు, దుప్పట్లు, కోట్లు పెద్ద పెద్ద కాగుల్లో సోడా వేసి మరిగించి, కర్రతో తిప్పి పైకి లాగేది. అప్పుడు కాలిన చేతులు ఈనాటికీ ముడతలు పడి మెరుస్తుంటాయి. ఇప్పుడు తమ్ముడి ఇంట్లో వెనక గదిలో ఉంటోంది. వాడి పిల్లల్ని పెంచింది కూడా ఆ చేతులే.

ఈసారి సభాభవనం గోడకు పాలరాతి పలక పెడతారట. సభలో పేర్లు చదివి, తర్వాత చెక్కిస్తారు. ఎవరి పేర్లు చదవాలో తేల్చేది మా తమ్ముడు. ఏనాడూ ఏదీ అడగని అత్త, ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా ముందే అడిగింది.

"ఒరేయ్, ఆ రాయి మీద నా పేరు కూడా వేయించరా."

వాడు పకపకా నవ్వాడు. "నువ్వు ఉతికింది బట్టలత్తా! అదీ ఒక యుద్ధమేనా? నలుగురూ నవ్విపోతారు."

నాకు ఒళ్ళు మండింది. "నాన్న లెక్కపెట్టినవి దుప్పట్లేగా?" అన్నాను.

"నాన్న యూనిఫాం వేసుకున్నాడక్కా" అన్నాడు, అంతటితో తేలిపోయినట్టు. అత్త కంచం తీసుకుని లేచిపోయింది. ఆవిడ ముఖం అంతగా చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు వాడే, సిగ్గూ ఎగ్గూ లేకుండా, నాన్న ఉన్ని కోటు తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేశాడు. బట్టల దుకాణం బొమ్మకు తొడిగి వేదిక మీద నిలబెట్టాలట.

"పెట్టెలో పడి కంపు కొడుతోందత్తా. కాస్త ఉతికిపెట్టు. నీ అంత బాగా ఎవరుతుకుతారు?"

"సరే" అంది అత్త.

సభ రోజు పొద్దున కోటు విప్పి చూసి వాడు కొయ్యబారిపోయాడు. అది స్కూలు పిల్లాడికి సరిపోయేలా ఉంది. గుండీలు మాత్రం మునుపటి సైజులోనే ఉన్నాయి.

"ఏం చేశావత్తా!"

"ఆసుపత్రిలో ఉతికినట్టే ఉతికా. సోడా వేసి మరిగించా."

"ఉన్ని కుంచించుకుపోతుందని తెలీదా నీకు?"

"ఎందుకు తెలీదు? అక్కడ కోటు సంగతి ఎవరిక్కావాలిరా? మనిషి బతికితే చాలనుకునేవాళ్ళం."

ఆహ్వానపత్రాల్లో కోటు సంగతి గొప్పగా అచ్చేయించుకున్నాడాయె, తీసుకెళ్ళక చస్తాడా! వేదిక మీద బొమ్మకు తగిలిస్తే కోటు పొట్ట దాకా కూడా రాలేదు. జనం కిసుక్కుమన్నారు. ముఖ్య అతిథి మైకులోనే అడిగాడు, "ఇది మీ నాన్నగారిదేనా?" అని.

తమ్ముడికి ముచ్చెమటలు పోశాయి. "మా... మా మేనత్త యుద్ధమప్పుడు సైనికుల ఆసుపత్రిలో బట్టలుతికేవారండి. రక్తం మరకలవీ మరిగించి... ఆ అలవాటుకొద్దీ..."

నవ్వులు ఆగిపోయాయి. వెనక వరసలో అత్త లేచి నిలబడింది.

"పేరు కూడా చెప్పరా. ఉత్త మేనత్తంటే రాయి చెక్కేవాడికేం తెలుస్తుంది?"