నుదుటి మీద నంబరు

మ్యూజియంలో అందరూ ఆయన్ని ఎముకల మేస్త్రి అనేవారు. విడివిడిగా వచ్చిన ఎముకలను శుభ్రం చేసి, సన్నటి బెజ్జాలు వేసి, రాగి తీగతో కూర్చి మనిషి ఆకారంలో నిలబెట్టడం ఆయన పని. చెయ్యి తిరిగిన పనివాడు. కూతురు చిన్నప్పుడు స్నేహితురాళ్లను వెంటబెట్టుకొస్తే, పై అంతస్తులోని అస్థిపంజరం ముందు నిలబెట్టేవాడు.

"నేను చెప్పినదానికల్లా తలూపేది వీడొక్కడే. మీ అమ్మ కూడా ఊపదు" అనేవాడు. వెనక నుంచి తీగ లాగితే ఆ తల ఊగేది. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

ఆ ఎముకలు ఎవరివో ఆయన ఏనాడూ అడగలేదు. పుర్రెలు కొలిచి, ఏ జనానికి తెలివి ఎక్కువో తేలుస్తామన్న వెనకటి డాక్టర్లు వాటిని పోగుచేశారని మాత్రం విన్నాడు. ఆయన చేతికి వచ్చేసరికి అవి గోనెసంచిలో ఉన్నాయి.

ఉద్యోగం ముగింపుకొస్తున్న రోజుల్లో, ఆ అస్థిపంజరం తమ పెద్దాయనదని పాత ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ఒక కుటుంబం వచ్చి అడిగితే, దాన్ని వాళ్లకు అప్పగించాలని పైవాళ్లు నిర్ణయించారు. కూర్చినవాడే విప్పాలన్నారు. చనిపోయిన మనిషి మనవరాలు వచ్చింది. నడివయసు మనిషి, బట్టలు కుట్టి బతుకుతుంది. పని జరుగుతున్నంతసేపూ దగ్గరే ఉంటానని, బల్లకు అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆయన తీగలు విప్పుతుంటే ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తాతను జ్వరంతో ఆసుపత్రిలో చేర్చారట. పోయాడని కబురు అందేలోపే పాతిపెట్టేశామన్నారట. ఆసుపత్రి వెనక ఒక మట్టిదిబ్బ చూపించారట. వాళ్ల నాన్న బతికినన్నాళ్లూ ఆ దిబ్బ దగ్గరికే వెళ్లి కూర్చునేవాడట.

మేస్త్రికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఎముకను బల్ల మీద పెట్టినప్పుడల్లా టక్కుమని చప్పుడు వస్తోంది. ఇన్నేళ్లలో ఆ చప్పుడు ఆయన చెవికి ఎక్కింది అప్పుడే. ఒక మెత్తటి గుడ్డ తెచ్చి పరిచాడు.

చివరికి పుర్రె మిగిలింది. నుదుటి మీద నల్ల సిరాతో నంబరు.

"అది చెరిపేసి ఇస్తారా?" అని అడిగింది ఆమె.

స్పిరిట్‌తో తుడిచాడు, పోలేదు. సిరా ఎముకలోకి ఇంకిపోయింది. గరుకు కాగితం తీసుకుని రుద్దసాగాడు. గుడ్డ మీద తెల్లటి పొడి రాలింది.

"ఆపండి అన్నయ్యా. ఆ రాలేది కూడా ఆయనే" అంది.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఆ నంబరు వేసింది నేనేనమ్మా" అన్నాడు.

"ఈయనకు ఇల్లూ వాకిలీ ఉన్నాయని మీకెవరూ చెప్పలేదా?"

"నేను అడగలేదు."

ఆమె ఎముకలను తను తెచ్చిన పెట్టెలోకి సర్దింది. పొడి రాలిన గుడ్డను మడిచి, తనే పెట్టెలో పెట్టింది. ఆయన పెట్టె ఎత్తుకుని గేటు దాకా నడిచాడు. బండి ఎక్కించబోతుంటే ఆమె చేతులు చాచింది.

"ఇక్కణ్ణుంచి మేం మోసుకుంటాం" అంది.

ఇంటికి వచ్చి జరిగిందంతా కూతురికి చెప్పాడు. క్షమించమని అడిగావా నాన్నా అంటే, అదీ అడగలేదన్నాడు.

మర్నాడు డైరెక్టరు గదికి వెళ్లి, తను కూర్చిన మిగతావాళ్లు ఎవరో కనుక్కోమని అడిగాడు. ఎవరూ వచ్చి అడగందే మనకెందుకు అన్నాడాయన. అయినా మేస్త్రి విడిచిపెట్టలేదు, కనబడ్డ ప్రతిసారీ అడిగాడు. మేస్త్రి ఉద్యోగం వదిలేనాటికి ఇంకొక్కరు ఇల్లు చేరారు. తక్కినవాళ్లు పై అంతస్తులోనే నిలబడి ఉన్నారు.