సూదికి సోమవారం తెలియదు

కిందటి కార్తీకమాసం, రెండో సోమవారం, ఉదయం పదకొండున్నర. హిందీ మాట్లాడే ఊళ్లో, బర్మామైన్స్ పేటలో మా డాక్టరమ్మ క్లినిక్. నేను అక్కడ ఆయాని.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన అప్పలరాజు, కాలి పుండుకు కట్టు మార్పించుకుందామని భార్య సత్యవతితో వచ్చాడు. గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి. ఆవేళ చెమటతో తడిసిపోయి, బెంచీ మీంచి లేచి, భార్య ఆకుపచ్చ పైటచెంగు పట్టుకుని ఊపడం మొదలెట్టాడు.

"బండి కదల్దేటి? డ్రైవర్ నిద్రోయేడేటి, సో గయా క్యా?"

"తాగొచ్చేడేటే?" అని సత్యవతిని అడిగాను.

"సోమారం ఉపాసం అక్కా. మంచినీళ్లు తప్ప ఏటీ ముట్టనేదు. ఇన్సులిన్ సూది మాత్రం యేసుకున్నారు. సూది తిండి కాదు కదా, ఉపాసం సెడదన్నారు."

డాక్టరమ్మ వేలు గుచ్చి చూసింది. షుగర్ డెబ్బైకి దిగువ ఉండకూడదు. నలభై రెండుంది. "ఇంకా పడితే స్పృహ పోతుంది, ప్రాణానికే ముప్పు. మింగగలుగుతున్నాడు కదా, ముందు గ్లూకోజు తాగించండి."

తాగితే కదా. "సుక్క పొడిసేదాకా ముట్టను" అని పళ్లు బిగించాడు.

గ్లూకోజు చిక్కగా కలిపి, అందులో చెంచా వేసి ఎదురుగా నిలబడ్డాను. "శివాలయం తీర్థం తమ్ముడూ."

వెంటనే కుడి అరచెయ్యి గుంటగా పట్టాడు. పోస్తే చప్పరించి, తడిచెయ్యి తలకు రాసుకున్నాడు. అలా గ్లాసంతా చెంచాతోనే పోశాను. జుట్టంతా జిగురు. పక్క బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న పాండేజీ కూడా చెయ్యి చాచాడు. "ఆప్ కో నహీ. ఆప్ కా సుగర్ తీన్ సౌ హై" అన్నాను. ఆయన షుగర్ మూడొందలు మరి.

పావుగంటకు అప్పలరాజు పైట వదిలాడు.

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. డాక్టరమ్మ చెప్పింది నాకు తెలిసిన మాటల్లోనే రాస్తున్నాను. కడుపులో పాంక్రియాస్ ఉంటుంది. అందులో పుట్టే ఇన్సులిన్ నెత్తుటిలోని చక్కెరను కండలోకి దించుతుంది. గ్లూకగాన్ అనేది, తిండి లేనప్పుడు కాలేయంలో దాచిన చక్కెరను బయటికి తీయిస్తుంది. ఉపవాసమైతే బాగున్న పాంక్రియాస్ ఇన్సులిన్ తగ్గించి గ్లూకగాన్ పెంచుతుంది. సూదితో పొడుచుకున్న ఇన్సులిన్‌ మన మాట వినదు, దించుతూనే పోతుంది. షుగరు పాతబడ్డ మనిషికి గ్లూకగాన్ కూడా వేళకు అందదు.

"తీర్థం ఇంత తియ్యగుందేటప్పా?" అన్నాడు అప్పలరాజు.

"గ్లూకోజు."

"అయితే నా ఉపాసం?"

"పోయింది. నువ్వు పోనేదు, సంతోషించు."

ఉపవాసం ఉండదలిస్తే సూది సంగతి ముందురోజే డాక్టరును అడగాలి. నేను నేర్చుకున్నది అంతే. ఆ రోజు అక్కడున్నవాళ్లం: డాక్టర్ లలితమ్మ, అప్పలరాజు, సత్యవతి, పైడమ్మనైన నేను, ఇంకా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోని పాండేజీ.