గోటితో తట్టేవాడు

తలకు వైర్లు అంటించే పేస్టు వాసన వేళ్లను వదలడం లేదు. సబ్బుతో రెండుసార్లు కడిగాను. ఈ వాసనకు ఎల్లయ్య కాక గుర్తొస్తే నాకు కన్నీళ్లు రావు, ఒళ్లు మండుతుంది.

కాక గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసినచోట కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టేవాడు. రిటైరయ్యాక గోదావరిఖనిలో మా ప్రైవేటు దవాఖానలో అటెండరుగా చేరాడు. మెదడులోని కరెంటును గీతలుగా చూపే మెషిన్ నడిపే పని నాది, రోగి తలకు వైర్లు అంటించే పని ఆయనది. అంటించాక ఒక్కో వైరునూ గోటితో తట్టి, తెరమీద దాని గీత కదిలిందో లేదో చూసేవాడు. నాకు విసుగొచ్చేది.

"జల్ది కానియ్యి కాకా."

"గనిల కప్పు తట్టకుండ లోపలికి పోతమా బిడ్డా? చప్పుడు బోలుగ వస్తే ఎనకకు ఉరుకుడే."

ఒకరోజు డాక్టరు మాకందరికీ పాఠం చెప్పాడు. మెదడులో కరెంటు పుట్టించేవి నాడీకణాలట, వాటి చుట్టూ కోట్లకొద్దీ ఉండే గ్లియా కణాలు ఉత్త జిగురట. కాక వెనక నుంచి లేచాడు.

"ఉత్త జిగురైతే గన్ని ఎందుకున్నయ్ సార్? గనిల బొగ్గు కొట్టేటోడు ఎంత జోరుగ కొట్టాలెనో కర్ర పెట్టినోడే చెప్తడు. గీడ గూడ గంతేనేమో."

"నువ్వు కర్రల సంగతి చూసుకో తాతా, మెదడు సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు డాక్టరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడే కాకను గేటు దగ్గర కూర్చోబెట్టారు. నా ఉద్యోగానికి ఎసరొస్తుందని నోరు మూసుకున్నాను. టీ తీసుకుని పోతే ఆయన అడిగింది ఒక్కటే.

"ఇయ్యాల వైర్లు తట్టినవా?"

"లేదు కాకా."

"మరి ఆ గీతలను ఎట్ల నమ్మినవ్?"

నిరుడు వానాకాలం గేటు డ్యూటీలో ఉండగానే కాక పోయాడు. మొన్న అదే డాక్టరు, కొత్తగా చేరినవాళ్లతో పాటు మాకూ తెరమీద బొమ్మలు వేసి మరీ చెప్పాడు. నాడీకణాలు పనిచేసినప్పుడు బయటికొచ్చే పొటాషియంను గ్లియా కణాలు ఎప్పటికప్పుడు పీల్చుకుంటాయట. అవి తడబడితే నాడీకణాలు ఒక్కసారిగా రెచ్చిపోయి ఫిట్స్ రావచ్చట. నిద్రలో మెదడు గీతల్లో వచ్చే నెమ్మది అలల్లోనూ వాటి చెయ్యి ఉందట. కాక పేరు మాత్రం ఎత్తలేదు. నేను లేచాను.

"ఇది మా ఎల్లయ్య కాక ఎప్పుడో అడిగిండు సార్. మీరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన."

ఆయన తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు. నా సిగ్గు పోలేదు, కోపమూ చల్లారలేదు. ఈ పొద్దున మొదటి రోగికి ఒక్కో వైరునూ గోటితో తట్టాకే మెషిన్ మొదలుపెట్టాను.