నాన్న పెట్టిన పేలాల జావ

పాలకడలి నుంచి అమృతకలశంతో వెలసిన ధన్వంతరికి శతకోటి వందనాలు. రోగానికన్నా ముందే మందును పుట్టించిన దయ ఆయనది. ఆ విద్య స్వామి నుంచి ఋషులకు, వారి నుంచి శిష్యులకు అంది, ప్రత్తిపాడులో మా ఇంటి అరుగు దాకా వచ్చింది. మా నాన్న ఆయుర్వేద వైద్యుడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది.

నిరుడు శ్రీరామనవమికి గుళ్ళో ఏకాహ భజన. మొదటి కీర్తన ఎత్తవలసినవాడు మా మేనమామ. మిరపకోతలు మొదలైనప్పటి నుంచీ ఆయనకు ఛాతీలో మంట, గొంతు బొంగురు. నాన్న ముందు గుంటూరు పంపి గుండె పరీక్ష చేయించాడు. గుండెకేమీ లేదు, కడుపులో పులుపు పైకి తంతోందని చెప్పి డాక్టరు మాత్రలిచ్చారు. మామయ్య అవి వేసుకుంటూనే, గొంతు రావాలని నవమి దాకా ఉపవాసం మొక్కాడు. అన్నం ముట్టడు గానీ టీకి అడ్డులేదు. కల్లంలో ఎండుమిరప ఘాటు పీలుస్తూ టీ మీద టీ తాగాడు. ఉన్న గొంతూ పోయింది.

నాన్న నాడి చూశాడు. "ఏరా, ఈ ఉపవాసం దేవుడికా, టీకొట్టుకా?"

"మొక్కు బావా. తప్పితే స్వామి ఊరుకుంటాడా?"

"నీ పొట్టలో అగ్నిగా ఉన్నదెవరు? 'అన్నం అరిగించే అగ్నిని నేనే' అన్న కృష్ణుడి మాట గీతాపారాయణంలో గొంతు చించుకుని చదువుతావుగా! ఆయన్ని పస్తుంచి మరిగే టీ పోస్తావా?"

"నువ్వెన్నైనా చెప్పు. మొక్కు మొక్కే."

"వీడి మొండితనానికి మీ దగ్గర మందు లేదులెండి," అంది అమ్మ.

వాతం, పిత్తం, కఫం సమంగా ఉండడమే ఆరోగ్యమంటాడు నాన్న. మనిషినీ ఋతువునూ తిండినీ చూశాకే మందు. మామయ్యది పిత్త శరీరం, పైన ఎండాకాలం, చుట్టూ మిరప. ఖాళీ కడుపు దానికి ఆజ్యం. నాన్న వాదన మానేసి పేలాల జావ కాచాడు. చల్లార్చి, పటికబెల్లం వేసి, ధన్వంతరి పటం ముందు నైవేద్యం పెట్టి, గిన్నె మామయ్య చేతికిచ్చాడు.

"ప్రసాదం. వద్దంటావా?"

ప్రసాదంతో ఉపవాసం చెడదు. ప్రసాదాన్ని కాదంటే మహాపాపం. మామయ్య గిన్నె కళ్ళకద్దుకున్నాడు. "గడుసువాడివి బావా," అంటూ తాగాడు. ఆనాటి నుంచి పూటపూటా ప్రసాదం వెళ్ళింది. ఆకలి తీరేసరికి టీ ఆగింది.

నవమినాడు మామయ్య కీర్తన ఎత్తాడు. కాస్త జీర ఉన్నా, పందిరి చివరి వరుస దాకా వినిపించింది. వెనక కూర్చుని తాళం వేస్తున్నది మా నాన్న. రోగిని అతని భక్తితో సహా చూసిన వైద్యుడాయన.

చదువుతున్న మీరూ నాతోపాటు చేతులు జోడించండి: స్వామీ, ఈ మిరప నేల మీద చెమటోడ్చే ప్రతి కడుపునూ చల్లగా ఉంచు. వైద్యం చేసే ప్రతి చేతికీ నీ నేర్పునివ్వు.