ఇంజనుకు సూతకం లేదంట

మా ఆయన పోయిన మూడో రోజే మా బావ ఇంట్లో ఒక మాట ఖాయం చేశాడు. చనిపోయినవాడి బండిని ఏటిసూతకం తీరేదాకా స్టార్ట్ చేయకూడదని. బావ అంటే మా ఆయనకు సొంత అన్న. మదనపల్లెలో టమోటా మండీ నడుపుతాడు. ఆచారాల విషయంలో ఆయన మాటకు ఎదురులేదు.

మాది పుంగనూరు. మా ఆయన టాక్సీ తోలేవాడు. ఆ డీజిల్ కారే మాకు అన్నం పెట్టింది. నాకూ తోలడం నేర్పించి, దగ్గరుండి లైసెన్సు ఇప్పించాడు. ఆయన పోయాక ఇక నేనే తోలి బతకాలని గట్టిగా అనుకున్నాను. ఏడాదే కదా, ఆగుదాంలే అని సరిపెట్టుకుని, అప్పటిదాకా జాకెట్లు కుట్టాను. బండి మీద దుమ్ము మాత్రం పడనిచ్చేదాన్ని కాదు.

మధ్యలో, నిద్ర చేసి రమ్మని నన్ను కుప్పంలోని పుట్టింటికి పంపారు. తిరిగి వచ్చేసరికి వాకిట్లో బండి ముక్కు పైకెత్తుకుని ఉంది. ఏమైందా అని బానెట్ ఎత్తితే కింద నేల కనిపించింది. ఇంజను లేదు. దొంగలు పడ్డారనుకుని బావకు ఫోన్ చేశాను.

"కంగారు పడాకమ్మా. నేనే తీయించినా. ఊరికే నిలబెడితే ఇంజను చెడిపోతాది. నా బండి చూస్తే పెట్రోలు తెగ తాగుతాండాది. రెండూ ఒకే మాడలు గదా, దీన్ని దాంట్లోకి ఏయించినా" అన్నాడు తీరిగ్గా.

"సూతకం అంటివి గదా బావా?"

"సూతకం బండికమ్మా. ఇంజనుకు యాల ఉంటాది? అయినా నేను బండిని స్టార్ట్ చెయ్యలేదు. ట్రాక్టరుకు కట్టి మదనపల్లె దాకా లాక్కోని పోయినా, మళ్ళా అట్లే తెచ్చి పెట్టినా."

ఎంత నిష్ఠ! ఇంజను దోచుకుపోయేటప్పుడు కూడా ఆచారం తప్పలేదు మహానుభావుడు.

మర్నాడే మదనపల్లె వెళ్లి, ఇంజను మార్చిన మెకానిక్‌ను పట్టుకున్నాను. పెద్దాయన, సాయిబు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "నువ్వే ఇయ్యమన్నావని మీ బావ చెప్పినాడమ్మా. అల్లా సాక్షి, తెలిసుంటే చెయ్యి పెట్టేవాణ్ణి కాదు. వైరింగు, ట్యాంకు, రేడియేటరు అన్నీ దాంట్లోకే పోయినాయి. ఆయన బండి తెచ్చి నిలబెడితే మళ్ళా మార్చి ఇస్తా" అన్నాడు. తెచ్చి నిలబెట్టమని బావను అడిగితే, తన పాత పెట్రోలు ఇంజను షెడ్డులో ఉంది, కావాలంటే వేయించుకో అన్నాడు. పొగ తప్ప ఇంకేమీ ఇవ్వని ఇంజను అది. దాన్ని వేస్తే, కాగితాల్లో డీజిల్ టాక్సీగా రాసి ఉన్న బండికి ఫిట్‌నెస్ ఎవరు ఇస్తారు?

పెద్దవాళ్ల దగ్గర పంచాయితీ పెట్టాను. "వాడేమన్నా పరాయోడా?" అంది మా అత్త. అది ఊహించిందే. మా నాన్న కూడా "ఆడదానివి, టాక్సీలో ఎవురిని ఎక్కించుకోని తిరుగుతావు? పోనీలే" అన్నాడు. ఆ మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఇంజను పోయినందుకు ఏడవని దాన్ని, ఆ రోజు ఏడ్చాను.

సంవత్సరీకం నాటికి అద్దె ఇల్లు ఖాళీ చేయక తప్పలేదు. కుప్పం వెళ్లడానికి బట్టలు సర్దుకున్నాను. ఆ రోజు బావ తన బండిలో అందరినీ ఎక్కించుకుని వచ్చాడు. తద్దినం అయ్యాక, ఇక బండి తీయవచ్చని అయ్యవారు సెలవిచ్చారు. బావే స్వయంగా నా బండికి పసుపునీళ్లు చల్లి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఇంజను లేని బండిని నలుగురు మగవాళ్లు వెనక నుంచి తోశారు. కాయలు నలిగాయి. అందరూ దండం పెట్టుకున్నారు. ఒక్కరికైనా సిగ్గనిపించలేదు.

తర్వాత బావ తన బండి బానెట్ మీద చెయ్యి వేసి భోరుమన్నాడు.

"నా తమ్ముడు యాడికీ పోలేదమ్మా. దీంట్లోనే ఉండాడు. స్టార్ట్ చేసినప్పుడంతా వాడు పలికినట్టే ఉంటాది."

నటన కాదు. తమ్ముడంటే ఆయనకు ప్రాణమే. నాకు ఒళ్లు మండింది అందుకే. దొంగ ఏడుపయితే తిట్టి ఊరుకునేదాన్ని. ఆయనకు తమ్ముడూ కావాలి, తమ్ముడి ఇంజనూ కావాలి. అక్కర్లేనిది నేనొక్కదాన్నే.

"ఎక్కమ్మా, కుప్పంలో దించి వస్తా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

నేను చెయ్యి చాపాను. "తాళం ఇయ్యి బావా. నేను తోల్తా."

ఇంకా వెక్కుతూనే ఉన్నాడు. కళ్లు తుడుచుకోవడం ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు.