సీతామహాలక్ష్మి వాము జెల్

సీతామహాలక్ష్మిని మా ఫార్మసీ కాలేజీలో అందరూ వాము మేడమ్ అనేవాళ్లు. ఎల్బీనగర్ దాటాక ఉండే ఆ కాలేజీలో మా ఇద్దరివీ పక్కపక్క బల్లలు. ఆమె ల్యాబ్‌లో ఉందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు, మెట్ల దగ్గరే వాము ఘాటు చెప్పేసేది. వాము నూనె, లవంగ నూనె కలిపి జిగురుగా జెల్ చేయడం, నోట్లో ఫంగస్ వల్ల వచ్చే తెల్లపూతను అది పోగొడుతుందో లేదో చూడడం ఆమె పరిశోధన. పరిశోధన అని మేము గౌరవంగా అంటాం గానీ, అది ఏళ్ల తరబడి గాజుపళ్లేల్లో పెంచిన ఫంగస్ మీదే నడిచింది. మనిషి నోటిదాకా రాలేదు. ఆ నోరు ఆమెకు తను ఉంటున్న ఇంట్లోనే దొరికింది.

తణుకు నుంచి వచ్చిన సీత సరూర్‌నగర్‌లో లచ్చమ్మ ఇంటి పైపోర్షన్‌లో అద్దెకుండేది. లచ్చమ్మ ఆ ఊరి మనిషే. చెరువు పక్కన కూరగాయలు పండించిన కుటుంబం. తెలంగాణ కోసం ఎక్కడ వంటావార్పు పెట్టినా, నడిరోడ్డు మీద పొయ్యి రాజేసి వండేవాళ్లలో ఆమె ముందుండేది. అలాంటి మనిషి 2011 ఎండాకాలంలో కారం ముట్టలేకపోయింది. నాలుక మీద పెరుగు పూసినట్టు తెల్లపూత.

"నోరు మండి సస్తున్న బిడ్డా. పచ్చిపులుసు సుత మింగుడు వడ్తలేదు" అంది సీతతో.

సీత మర్నాడే చిన్న డబ్బాలో జెల్ తెచ్చింది. "రోజుకి మూడుసార్లు రాసుకోండి పిన్నిగారూ. మరీ మంటగా ఉంటే వెంటనే కడిగేసుకుని నాకు చెప్పండి." అనుమతులూ గినుమతులూ ఏమీ లేవు. వారం తిరిగేసరికి పూత పోయింది. ఆంధ్ర పిల్ల నా నాలుక నాకిచ్చిందని లచ్చమ్మ గల్లీ అంతా చాటింది. ఊళ్లో గాలి వేడిగా ఉన్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగితే తన యాస ఎవరు పట్టేస్తారోనని నోరు విప్పని సీతకు ఆ మాట ఎంత హాయిగా ఉండి ఉంటుందో నేను ఊహించగలను.

నెల దాటాక పూత మళ్లీ వచ్చింది. మళ్లీ జెల్, మళ్లీ తగ్గింది. మూడోసారీ వచ్చింది. ఇక్కడే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కట్టుడు పళ్లలాంటి కారణమేదీ లేకుండా పెద్దవాళ్లకు ఈ పూత తిరగబెడుతుంటే ముందు షుగర్ చూడాలని మేం పిల్లలకు పాఠం చెబుతాం. అందులోనూ లచ్చమ్మ చెయ్యి నీళ్ల చెంబును వదిలేది కాదు. ఎంత తాగినా దూప తీరడం లేదనేది. సీత అదంతా చూసింది, నాతో అంది కూడా. మరి ఆమెకు చెప్పవేం అంటే, చెబుతానంది.

చెప్పడానికే ఒక సాయంత్రం మెట్లు దిగింది. కింద లచ్చమ్మ కొడుకు యోగేందర్ టీవీ ముందు కూర్చుని ఎవరో నాయకుడి మీద మండిపడుతున్నాడు. "మనం ఎట్ల బతకాల్నో గూడ ఆంధ్రోళ్లే చెప్తరా?" అంతలో గుమ్మంలో సీతను చూసి, "రా అక్కా, కూసో" అని కుర్చీ జరిపాడు. ఆ ఇంట్లో ఆమెను ఏనాడూ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా షుగర్ సంగతి ఎత్తలేకపోయింది. పైగా తన జెల్ పనిచేస్తోందన్న సంబరం ఒకటి, ఆ మాట చెబితే అదీ పోతుంది. కొత్త డబ్బా లచ్చమ్మ చేతిలో పెట్టి పైకి వచ్చేసింది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, కాలేజీలు మూశారు. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు నాడు లచ్చమ్మ అరికాల్లో గాజుముక్క దిగింది. ఆమెకు నొప్పే తెలియలేదు, రక్తం చూసి పక్కావిడ కేక వేసింది. గుడ్డ చుట్టుకుని మళ్లీ గరిటె పట్టింది. పుండు మానలేదు. దసరా వెళ్లాక పాదం నల్లబడితే దవాఖానకు తీసుకుపోయారు. షుగర్ ఎన్నాళ్ల నుంచో ముదిరి ఉందన్నారు డాక్టర్లు. మోకాలి కింద కాలు తీసేశారు.

"జెల్ పనిచేయకపోయినా బాగుండేదండీ. నోరు తగ్గకపోతే ఆవిడే డాక్టర్ దగ్గరికి వెళ్లేది" అంది సీత, బల్ల మీద తల వాల్చి. ఆ పరిశోధనను ఆమె మళ్లీ ముట్టుకోలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు గల్లీలో డప్పులు మోగుతుంటే లచ్చమ్మ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తోంది. అందరూ ఆడుతున్నారు. సీత వెళ్లి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని, ఇన్నేళ్లూ దాచుకున్నది చెప్పేసింది.

"మీకు షుగరేమోనని నాకు ముందే అనుమానం వచ్చింది పిన్నిగారూ. నేను చెబితే ఏమనుకుంటారో, ఎక్కడ తిడతారోనని చెప్పలేదు."

లచ్చమ్మ సీత వైపు తిరిగింది.

"తిడ్తుంటి బిడ్డా. తిట్టి, తెల్లారి దవాఖానకు పోతుంటి. నాలుగు తిట్లు తింటే నీకేం పోతుండె?"