వీపు మాస్టారు

మా బావ తన శిష్యుడు విసిరిన ఈటె ఎక్కడ పడుతుందో ఏనాడూ చూడలేదు. కుర్రాడు పరుగు మొదలుపెట్టగానే ఈయన అటు తిరిగిపోయేవాడు. ఈటె నేలలో దిగాక ఎవరో ఒకరు "అయిపోయిందండీ" అంటే ఇటు తిరిగేవాడు. జావెలిన్ నేర్పే మనిషి జావెలిన్ చూడడు. అందుకే మైదానంలో అందరూ ఆయన్ని వీపు మాస్టారు అనేవాళ్లు. ఆ మాట ఆయన వెనకాలే అనేవాళ్లు. వెనకాల తప్ప ఆయన దగ్గర వేరే చోటు దొరికేది కాదు.

అలవాటు ముదిరి ఇంటికి కూడా వచ్చింది. మా అక్క వండిన కూర మొదటి ముద్ద గోడ వైపు తిరిగి తినేవాడు. పెళ్లి ఫొటోలోనూ ఆయన వీపే పడింది.

"మీ పక్కనున్నదెవరమ్మా?" అని కొత్తవాళ్లు అడిగితే, మా అక్క తొణక్కుండా చెప్పేది.

"మా ఆయనే. కోటు వెనక కుట్టు చూడండి, ఎంత చక్కగా కుదిరిందో."

కూతురు బళ్లో పద్యం చదివిన రోజు ఆయన తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. పిల్ల వేదిక దిగి వచ్చి, "నా పద్యం ఎలా ఉంది నాన్నా?" అంది.

"తలుపుకి బాగా నచ్చింది తల్లీ."

ఎందుకిలా అని అడిగినవాళ్లకు ఆయన జవాబు చెప్పలేదు. పిరికితనమని కొందరన్నారు. పిచ్చి అని మిగతావాళ్లన్నారు. మా అక్క మాత్రం, "రెండూ కాదు, మొండితనం" అనేది. పెళ్లాం కనుక ఆవిడకు ఎక్కువ తెలుసని అందరూ ఒప్పుకున్నారు.

అంతర్జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలకు ఆయన శిష్యుడు ఎంపికయ్యాడు. జట్టులో ఈటె విసిరేవాడు వాడొక్కడే. వాణ్ణి చూసుకోవడానికి క్రీడా సమాఖ్య కార్యదర్శి వచ్చాడు. కార్యదర్శిని చూసుకోవడానికి ఆయన భార్య వచ్చింది. ఆమె తమ్ముడు జట్టు వైద్యుడిగా వచ్చాడు. ఊళ్లో ఆ వైద్యుడికి పరుపుల కొట్టు ఉంది. ఎవరినీ అనడానికి లేదు, నేనూ ఒకరి బావమరిదినే. కాకపోతే నా భుజం మీద ఈటెల గొట్టం ఉంది.

మనిషి కన్నా పొడవైన ఆ గొట్టాన్ని విమానాశ్రయంలో ప్రతి చోటా ఆపారు.

"ఇందులో ఏముంది?"

"ఈటెలండీ."

"ఎందుకు?"

"విసరడానికి."

ఆ జవాబు తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టేవాళ్లు. పరుపుల వైద్యుడు మాత్రం నవ్వుకుంటూ ముందుకు వెళ్లిపోయేవాడు.

కుర్రాడికి జూనియర్‌గా అదే ఆఖరి పోటీ. పతకం వస్తే పెద్దల శిక్షణ శిబిరంలో చోటు. రాకపోతే నాన్నగారి లారీల షెడ్డు, గ్రీజు. ఆ సంగతి వాడికి ఎవరూ గుర్తు చేయలేదు. వాడి గోళ్లలో ఇంకా కాస్త గ్రీజు ఉంది.

ఫైనల్ రోజు పొద్దున టిఫిన్ దగ్గర కార్యదర్శి మా బావను పట్టుకున్నాడు.

"ఏం మాస్టారూ, పోయినసారి పేపర్లో నీ వీపు పడింది. మన దేశం పరువు నీ వీపు మీద ఉందా?"

"లేదండీ."

"ఇవాళ టీవీ వాళ్లున్నారు. మూతి మైదానం వైపు ఉండాలి. తిరిగావో, ఇంటికెళ్లాక మైదానం గేటు బయట తిరుగుదువుగాని."

మా బావ తినడం ఆపలేదు.

కంచె దగ్గర, కోచ్‌లు నిలబడే చోట, ఆయన మైదానం వైపే తిరిగి నిలబడ్డాడు. నాకే కొత్తగా ఉంది. మొదటి విసుర్లకు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పక్క కుర్చీల్లోంచి కార్యదర్శి గుర్తుపట్టాడు.

"కళ్లు కూడా తెరవాలయ్యా! అది కూడా నేనే చెప్పాలా?"

తెరిచాడు.

కుర్రాడు చివరి ఎనిమిదిమందిలో మిగిలాడు, కానీ పతకానికి దూరంగానే ఉన్నాడు. ఇక రెండు విసుర్లున్నాయి. అప్పుడు పరుగెత్తి, ఒళ్లంతా విల్లులా వంచి విసిరాడు. ఈటె చేతిలోంచి వెళ్లిన తీరు చూస్తే నాబోటి సామాను మోసేవాడికి కూడా అది గొప్ప విసురని తెలిసింది. వాడికి మాత్రం తెలియలేదు. విసిరిన క్షణంలో విసిరినవాడికి తన విసురు కనిపించదు. అందుకని వాడు తల తిప్పి మాస్టారి మొహం చూశాడు.

ఆ మొహం చేదు మాత్ర నీళ్లు లేకుండా మింగినవాడి మొహంలా ఉంది.

ఈటె విసిరేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. విసురు పాడైందనుకుంటే కావాలనే గీత దాటేస్తారు. దాటితే ఎర్ర జెండా, కొలత ఉండదు, చెడ్డ అంకె బోర్డు మీద పడదు. మర్యాద కాపాడుకునే పద్ధతి అది. కుర్రాడు తల దించుకుని, మర్యాదగా, గీత దాటాడు.

ఈటె ఇంకా గాలిలోనే ఉంది. ఆ రోజు అందరూ విసిరిన గుర్తులన్నీ దాటి వెళ్లి దిగింది. జనం అరిచారు. ఆ అరుపు మధ్యలో ఎర్ర జెండా లేచింది. కొలవని ఈటెకు దూరం లేదు.

కుర్రాడు కంచె దగ్గరికి వచ్చాడు.

"బాగోలేదనుకున్నానండీ. మీ మొహం చూసి..."

"నా మొహం పుట్టుకతోనే అంతరా," అన్నాడు మా బావ. "భయమేసినా అంతే, ముద్దొచ్చినా అంతే. నీ ఈడులో నేనూ ఇలాగే విసిరి, మా మాస్టారి మొహం చూసి గీత దాటాను. ఆయనకి ఆ రోజు పన్ను నొప్పి."

"తర్వాత?"

"తర్వాత ఎంత విసిరినా అంత దూరం పోలేదు. పోరా. ఈసారి ఇటు చూసినా ఏమీ కనబడదు."

నాకప్పుడు మా అక్క కూరా, పిల్ల పద్యమూ అర్థమయ్యాయి.

ఆఖరి విసురుకు పేరు పిలిచారు. మా బావ చేతులు వెనక్కి కట్టుకుని అటు తిరిగాడు.

"ఏయ్! మైదానం వైపు తిరుగు!" కార్యదర్శి కుర్చీలోంచి లేచాడు. "టీవీలో పడుతోందయ్యా! నీకే చెప్పేది!"

మా బావ కదల్లేదు. కెమెరా ఆయన వీపును కాసేపు దేశానికంతా చూపించింది. చొక్కా చెమటకు అతుక్కుపోయి ఉంది.

కుర్రాడు విసిరి, తల తిప్పాడు. చూడ్డానికి మొహం లేదు. చేసేదిలేక ఈటెనే చూశాడు. అది దిగేదాకా గీతకు ఇవతలే నిలబడ్డాడు. తెల్ల జెండా లేచింది. ఇందాకటి విసురంత దూరం కాదు. బంగారం ఎర్ర జెండాతోనే పోయింది. మూడో స్థానం వచ్చింది.

"అయిపోయింది బావా," అన్నాను. ఆయన ఇటు తిరిగి, బోర్డు చదువుకుని, కంచె పట్టుకున్నాడు.

పతకం పట్టుకుని కుర్రాడు వచ్చేసరికి కార్యదర్శి వాడి భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగాడు. సమాఖ్య ఎంత శ్రమపడిందో మైకుల వాళ్లకు చెప్పాడు. తర్వాత మా బావ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నీకిదే ఆఖరు. శిబిరానికి వేరే మనిషిని వేస్తాం."

"కుర్రాడికి చోటుందిగా?"

"వాడికుంది. నీకే లేదు."

"మంచిదండీ."

కార్యదర్శి వెళ్లిపోయాడు. కుర్రాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మా బావ వాడి మెడలోని పతకం వైపు చూసి, మొదటిసారి మొహం దాచుకోకుండా ఏదో చేశాడు. కుర్రాడు కంగారుపడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమైంది మాస్టారూ? ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"నవ్వుతున్నానురా వెధవా."

కుర్రాడు దగ్గరికి జరిగి, కాసేపు పరీక్షగా చూశాడు.

"అయితే ఇటే ఉండండి మాస్టారూ," అన్నాడు. "అలవాటు చేసుకుంటాను."